బేరింగ్ ఉత్తరాల కాలంలో ఒక పోస్ట్‌మాస్టర్

పోయిన సంక్రాంతికి మా బాబాయి న్యూజెర్సీ నుంచి వస్తూ నాకో పాత ఉత్తరం తెచ్చిపెట్టాడు. అక్కడ పాత సామాన్లు అమ్మే షాపులో దొరికిందట. వాచీయో, షూసో వస్తాయని ఎదురుచూసిన నాకు దాన్ని చేతిలో పెడితే ఏమనాలో తెలియలేదు. దానికి కవరు లేదు, స్టాంపు లేదు. ఒకే పెద్ద కాగితాన్ని మడిచి, ఒక మడతలోకి ఇంకో మడత దోపి, లక్కతో అతికించారు. పైన న్యూయార్క్‌లోని ఒక వ్యాపారి పేరు. పక్కన ఎర్ర సిరాతో గుండ్రటి ముద్ర. అందులో ఫిలడెల్ఫియా అనే ఊరి పేరు, నెల, తేదీ ఉన్నాయి గానీ సంవత్సరం లేదు. పై మూలన ఎవరో కలంతో పన్నెండున్నర అని అంకె వేశారు. లోపల చూస్తే 1834లో రాసిన ఉత్తరం.

ఆ అంకె ఏమిటో తెలుసుకోవడానికి రెండు రోజులు పట్టింది. అది పోస్టు ఖర్చు, పన్నెండున్నర సెంట్లు. ఆ రోజుల్లో అమెరికాలో ఉత్తరం ఖర్చు రెండింటి మీద ఆధారపడేది: ఎంత దూరం, ఎన్ని కాగితాలు. 80 మైళ్లు దాటి 150 మైళ్లలోపు అయితే ఒక్క కాగితానికి పన్నెండున్నర సెంట్లు. రెండు కాగితాలుంటే రెట్టింపు. కవరు వాడితే దాన్నీ ఇంకో కాగితంగా లెక్కేసేవాళ్లు. అందుకే కవరు లేకుండా ఉత్తరాన్నే మడిచి, దాని వీపు మీదే చిరునామా రాసేవారు. డబ్బులు చాలాసార్లు పంపినవాళ్లు కట్టేవాళ్లు కాదు, అందుకున్నవాళ్లు కట్టేవాళ్లు. మన పెద్దవాళ్లు బేరింగ్ ఉత్తరం అంటారే, అదన్నమాట. అక్కడ ఒకప్పుడు మామూలు ఉత్తరాలే బేరింగ్. ముందే డబ్బు కడితే పెయిడ్ అని ముద్ర వేసేవాళ్లు.

ఇలాంటి వాటిని సేకరించేవాళ్లు స్టాంప్‌లెస్ కవర్లు అంటారు. అమెరికా దేశమంతటికీ పనికొచ్చే స్టాంపులు 1847 జూలై 1న వచ్చాయి. మొత్తం రెండే. పది సెంట్ల దాని మీద జార్జ్ వాషింగ్టన్. ఐదు సెంట్ల దాని మీద బెంజమిన్ ఫ్రాంక్లిన్.

నేను ఆగిపోయింది ఇక్కడే. ఫ్రాంక్లిన్ అంటే మనకి ఉరుముల్లో గాలిపటం, మేడ మీద పిడుగు కడ్డీ, వంద డాలర్ల నోటు. మరి మొట్టమొదటి స్టాంపు మీద ఈయనెందుకు? వెతుక్కుంటూ పోతే, ఆయన జీవితాన్ని మొత్తం ఉత్తరాల సంచీలోంచే చూడొచ్చని తెలిసింది. ఆ సంచీలోంచి చూస్తే ఆయన గొప్పతనమే కాదు, ఆయన చేసిన ఒక అనుమానాస్పదమైన పని కూడా కనిపిస్తుంది.

ఫ్రాంక్లిన్ 1706 జనవరిలో బోస్టన్‌లో పుట్టాడు. తండ్రి కొవ్వొత్తులు, సబ్బులు చేసేవాడు. పదిహేడు మంది పిల్లల్లో ఈయన పదిహేనోవాడు. పన్నెండేళ్లకే అన్న జేమ్స్ ప్రెస్సులో పనికి కుదిర్చారు. అన్న ఒక పత్రిక నడిపేవాడు. తమ్ముడి రాతలు వేసుకోడని తెలుసు. అందుకని పదహారేళ్ల బెంజమిన్ ఒక విధవరాలి పేరు పెట్టుకుని ఉత్తరాలు రాసి, రాత్రిపూట ప్రెస్సు తలుపు కిందనుంచి లోపలికి తోసేవాడు. 1722లో అలా పద్నాలుగు ఉత్తరాలు అచ్చయ్యాయి. ఊరంతా ఆవిడెవరా అని మాట్లాడుకున్నారు. అంటే ఆయన రచయితగా మొదలైందే దొంగ ఉత్తరాలతో. సంగతి తెలిశాక అన్నకి కోపమొచ్చింది. మరుసటి ఏడాది, పదిహేడేళ్ల వయసులో, తమ్ముడు ఇంట్లోంచి పారిపోయి ఫిలడెల్ఫియా చేరాడు.

అక్కడ కష్టపడి సొంత ప్రెస్సు పెట్టుకున్నాడు. 1729లో పెన్సిల్వేనియా గెజెట్ అనే పత్రిక కొన్నాడు. అయితే పోటీ పత్రిక నడిపే ఆండ్రూ బ్రాడ్‌ఫోర్డే ఆ ఊరి పోస్ట్‌మాస్టర్. టపా గుర్రాల వాళ్లు తన పత్రిక తప్ప ఇంకోటి మోయకూడదని ఆయన కట్టడి చేశాడు. ఫ్రాంక్లిన్ ఏం చేశాడంటే, ఆ గుర్రాల వాళ్లకే చాటుగా డబ్బులిచ్చి తన పత్రిక పంపుకున్నాడు. లంచమే, వేరే పేరు అక్కర్లేదు. బ్రాడ్‌ఫోర్డ్ లెక్కలు సరిగా చూపించకపోవడంతో 1737లో ఆ ఉద్యోగం పోయింది. అది ఫ్రాంక్లిన్‌కే వచ్చింది. జీతం తక్కువే గానీ, ఊరి వార్తలన్నీ మొదట పోస్టాఫీసుకే వస్తాయి. పత్రిక చదివేవాళ్లు పెరిగారు, ప్రకటనలు పెరిగాయి. పోస్టాఫీసు అంటే వేరే భవనం కాదు, ఆయన ఇల్లూ షాపూ ఉన్నచోటే. ఆయన లేనప్పుడు భార్య డెబొరా ఉత్తరాలు, లెక్కలు చూసుకునేది. ఎవరూ తీసుకెళ్లని ఉత్తరాలుంటే, వాళ్ల పేర్లు పత్రికలో వేసేవాళ్లు.

1753లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయన్ని, వర్జీనియాకు చెందిన విలియం హంటర్‌ని కలిపి, ఉత్తర అమెరికా కాలనీల టపా మొత్తానికి డిప్యూటీ పోస్ట్‌మాస్టర్ జనరల్‌గా వేసింది. ఇద్దరికీ కలిపి ఏడాదికి 600 పౌండ్లు, అదీ టపాలో లాభం వస్తేనే. అప్పటిదాకా ఎప్పుడూ లాభం రాలేదు. మొదటి నాలుగేళ్లలో వీళ్లే తమ జేబుల్లోంచి 900 పౌండ్లకు పైగా పెట్టాల్సి వచ్చింది.

ఆ డబ్బుతో ఏం చేశారో చూస్తే ఇంజనీరింగ్ చదువుతున్నవాడిగా నాకు ముచ్చటేసింది. ఆయన మొదట ఊరూరా తిరిగి రోడ్లు, రేవులు, పోస్టాఫీసులు చూశాడు. ప్రతి పోస్ట్‌మాస్టరూ ఒకే పద్ధతిలో లెక్క రాయాలని ఫారాలు అచ్చువేసి పంపాడు. ఫిలడెల్ఫియా, బోస్టన్‌ల మధ్య ఉత్తరం వెళ్లి జవాబు రావడానికి చలికాలంలో ఆరు వారాలు పట్టేది. టపా వారం వారం బయల్దేరేలా చేస్తే అది మూడు వారాలకు దిగింది. తర్వాత ఫిలడెల్ఫియా, న్యూయార్క్‌ల మధ్య గుర్రాలు రాత్రిపూట కూడా నడిచేలా ఏర్పాటు చేశాడు. 1758లో పత్రికల విషయంలో ఇంకో నియమం పెట్టాడు. ఏ పత్రికనైనా, ఎవరిదైనా, ఒకే రేటుకి టపా మోయాలి. ఒకప్పుడు లంచమిచ్చి పత్రిక పంపుకున్న మనిషి, చేతికి అధికారం వచ్చాక ఇంకెవరికీ ఆ అవసరం రాకుండా చేశాడు. ఆయన చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

అన్నీ ఇంత గొప్పగా ఉన్నాయని కాదు. కొడుకు విలియంని ఫిలడెల్ఫియా పోస్ట్‌మాస్టర్‌ని చేశాడు, ఆ తర్వాత కంప్ట్రోలర్‌ని చేశాడు. బోస్టన్ పోస్టాఫీసు సొంత అన్న జాన్‌కి ఇచ్చాడు. బంధుప్రీతి అనే మాట అప్పటికి తప్పుగా అనిపించలేదేమో గానీ, ఇప్పుడు మనం ఆ మాట అనకుండా ఉండలేం.

సేకరించేవాళ్లు ప్రాణం పెట్టే ఉత్తరాలు ఈ కాలానివే. 1756 ప్రాంతంలో న్యూయార్క్ పోస్టాఫీసు ఊరి పేరును తిన్నటి అక్షరాల్లో ముద్రగా కొట్టడం మొదలుపెట్టింది. దాంతోపాటు చిన్న గుండ్రటి ముద్ర ఒకటి కనిపిస్తుంది. మధ్యలో అడ్డగీత, ఒక సగంలో నెల పేరులోని రెండు అక్షరాలు, రెండో సగంలో తేదీ. 1661లో ఇంగ్లండులో హెన్రీ బిషప్ అనే పోస్ట్‌మాస్టర్ జనరల్ ఉత్తరాలు ఆలస్యం అవుతున్నాయన్న ఫిర్యాదులకు విరుగుడుగా దీన్ని కనిపెట్టాడు. తేదీ ముద్ర పడితే, ఉత్తరాన్ని తొక్కిపెట్టిన గుమస్తా దొరికిపోతాడు కదా. అమెరికాలో వాడిన ఆ ముద్రల్ని కొందరు ఫ్రాంక్లిన్ మార్కులు అంటారు.

ఆ ఉత్తరాల మీద రేటు చదవడం ఒక లెక్కల పజిల్. ఒక్కో కాలనీలో డబ్బు విలువ ఒక్కో రకంగా ఉండేది కాబట్టి, చాలాసార్లు రేటును వెండి బరువులో రాసేవారు. మూడు ఇంగ్లీషు పెన్నీలంటే ఒక పెన్నీవెయిట్ వెండి. ఒక పెన్నీవెయిట్‌కి 24 గ్రెయిన్లు. అంటే నాలుగు పెన్నీల ఉత్తరం మీద ఒకటి, పక్కన ఎనిమిది ఉంటుంది. ఒక పెన్నీవెయిట్, ఎనిమిది గ్రెయిన్లు అని అర్థం. అది తెలియనివాళ్లు తేదీ అనుకుని బోల్తా పడతారు. నేనూ పడ్డాను.

1761లో హంటర్ చనిపోయాక జాన్ ఫాక్స్‌క్రాఫ్ట్ జోడీగా వచ్చాడు. 1763లో ఇద్దరూ కలిసి పోస్టాఫీసుల తనిఖీకి దాదాపు 1600 మైళ్లు తిరిగారు. దారిలో ఫ్రాంక్లిన్ పడి భుజం దెబ్బతీసుకున్నాడు. అప్పటికి ఆయనకు 57 ఏళ్లు.

తర్వాత ఎక్కువ కాలం లండన్‌లోనే ఉన్నాడు. అక్కడికి ఒక ఫిర్యాదు వచ్చింది. ఇంగ్లండు నుంచి న్యూయార్క్‌కి ఉత్తరాలు తెచ్చే టపా ఓడలు, రోడ్ ఐలండ్‌కి వెళ్లే సరుకు ఓడల కన్నా రెండు వారాలు ఆలస్యంగా చేరుతున్నాయి. దూరం చూస్తే అంత తేడా రాకూడదు. ఫ్రాంక్లిన్ ఆఫీసులో కూర్చుని మెమో రాయలేదు. తన బంధువు, నాన్‌టకెట్ దీవికి చెందిన ఓడ కెప్టెన్ టిమొతీ ఫోల్జర్‌ని అడిగాడు. తిమింగలాల వేటగాళ్లకి ఆ రహస్యం ఎప్పటినుంచో తెలుసు. అమెరికా తీరం నుంచి తూర్పుకి సముద్రంలోనే ఒక వెచ్చని నది లాంటి ప్రవాహం పోతోంది, టపా ఓడలు దానికి ఎదురీదుతున్నాయి. ఫోల్జర్ చేత దాన్ని మ్యాప్ మీద గీయించి, 1769 ప్రాంతంలో లండన్‌లో అచ్చు వేయించాడు. అదే గల్ఫ్ స్ట్రీమ్. టపా కెప్టెన్లు ఆ మ్యాప్‌ని పట్టించుకోలేదు. ఉత్తరం ఆలస్యమైందన్న ఫిర్యాదులోంచి సముద్రశాస్త్రంలో ఒక మొదటి పటం పుట్టింది.

స్టాంపు అనే మాట కూడా ఆయన్ని ఇబ్బంది పెట్టింది. 1765లో బ్రిటన్ స్టాంపు చట్టం తెచ్చింది. అది ఉత్తరాలకు అతికించే స్టాంపు కాదు, దస్తావేజులు, పత్రికల మీద వేసే పన్ను. జనం ఒప్పుకుంటారులే అనుకుని, ఫ్రాంక్లిన్ తన స్నేహితుడికే ఆ ఉద్యోగం ఇప్పించాడు. ఫిలడెల్ఫియాలో జనం ఆయన ఇంటి మీదికి వస్తారనే పరిస్థితి వచ్చింది. డెబొరా ఇల్లు వదలనని తుపాకులు దగ్గర పెట్టుకుని కూర్చుంది. తన అంచనా తప్పని తెలుసుకున్న ఫ్రాంక్లిన్, 1766 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందు గంటల తరబడి ప్రశ్నలకు జవాబు చెప్పాడు. పోస్టు ఖర్చు కడుతున్నారు కదా, అదీ పన్నే కదా అని అడిగారు. అది పన్ను కాదు, చేసిన పనికి కూలి, ఇష్టం లేనివాడు ఉత్తరాన్ని వేరే మనిషి చేత పంపుకోవచ్చు అన్న అర్థంలో ఆయన సమాధానమిచ్చాడు. ఆ చట్టం రద్దయింది.

ఇక ముందే చెప్పిన అనుమానాస్పదమైన పని.

1772లో ఎవరో ఆయనకు ఒక కట్ట ఉత్తరాలు ఇచ్చారు. ఎవరిచ్చారో ఆయన చివరిదాకా చెప్పలేదు. మసాచుసెట్స్ గవర్నర్ థామస్ హచిన్సన్, ఆండ్రూ ఆలివర్ మొదలైనవాళ్లు కొన్నేళ్ల కిందట ఇంగ్లండులో ఒక రాజకీయ నాయకుడికి రాసిన సొంత ఉత్తరాలు అవి. అందుకున్న మనిషి అప్పటికే చనిపోయాడు. కాలనీల వాళ్ల స్వేచ్ఛని కొంత తగ్గించాలన్న మాటలు వాటిలో ఉన్నాయి. ఫ్రాంక్లిన్ వాటిని బోస్టన్‌కి పంపాడు. కొద్దిమందికే చూపించండి, కాపీ చేయొద్దు, అచ్చు వేయొద్దు అని షరతు పెట్టాడు. ఆ షరతు ఎంతకాలం నిలుస్తుందో మనం ఊహించుకోవచ్చు. 1773 జూన్‌లో అచ్చయిపోయాయి. బోస్టన్ భగ్గుమంది. లండన్‌లో ఆ ఉత్తరాల దొంగ నువ్వంటే నువ్వని ఇద్దరు పెద్దమనుషులు ద్వంద్వయుద్ధానికి దిగి, ఒకాయన గాయపడ్డాడు. మళ్లీ కొట్టుకుంటారని తెలిశాక, పంపింది నేనేనని ఫ్రాంక్లిన్ పత్రికలో ప్రకటించాడు.

1774 జనవరి 29న ఆయన్ని లండన్‌లో ప్రివీ కౌన్సిల్ ముందు నిలబెట్టారు. అప్పటికే బోస్టన్‌లో టీ పెట్టెల్ని సముద్రంలో పారేసిన వార్త వచ్చేసింది. అలెగ్జాండర్ వెడర్‌బర్న్ అనే ప్రభుత్వ న్యాయవాది దాదాపు గంటసేపు ఆయన్ని దొంగ కింద జమకట్టి తిట్టాడు. సభలో పెద్దలు నవ్వారు. 68 ఏళ్ల ఫ్రాంక్లిన్ ముఖంలో కండరం కదలకుండా నిలబడ్డాడు, ఒక్క మాట మాట్లాడలేదు. ఆ వెంటనే పోస్టు ఉద్యోగం ఊడింది. ఆ రోజు వేసుకున్న మఖ్మల్ సూటునే నాలుగేళ్ల తర్వాత ఫ్రాన్సుతో ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడు మళ్లీ వేసుకున్నాడని చెబుతారు.

నేను ఈ కథ మొదట చదివినప్పుడు ఆయన పక్షమే. ముసలాయన్ని అందరూ కలిసి అవమానించారు అనిపించింది. తర్వాత మెల్లగా ఇంకోటి తట్టింది. టపాలో పనిచేసేవాళ్లు పరాయి ఉత్తరం విప్పమని ప్రమాణం చేసేవాళ్లు. అలాంటి టపాకి పెద్ద ఆయన. ఆ ఉత్తరాలు పోస్టు సంచీలోంచి తీసినవి కావు, నిజమే. కానీ ఉత్తరం రాసినవాడు దాన్ని ఎవరి కోసం రాశాడో వాళ్లే చదువుతారన్న నమ్మకం మీదే కదా టపా నడిచేది. ఆ నమ్మకాన్ని ఇరవై ఏళ్లు కట్టిన మనిషే దానికి కన్నం పెట్టాడు. ప్రజలకి తెలియాల్సిన విషయమని ఆయన వాదన. అధికారుల ఉత్తరాలు ప్రజల విషయమేనా, సొంత విషయమా? ఈరోజు ఎవరి చాటో స్క్రీన్‌షాట్ బయటికొచ్చినప్పుడు మన హాస్టల్ గదుల్లో జరిగే వాదన ఇదే. 250 ఏళ్లయినా తెగలేదు.

1775 మే నెలలో ఆయన ఫిలడెల్ఫియాలో దిగేసరికి యుద్ధం మొదలైపోయింది. బ్రిటిష్ టపా మీద కాలనీల వాళ్లకి నమ్మకం పోయింది. ఏడాది ముందే విలియం గోడార్డ్ అనే పత్రికాయన ప్రజల చందాలతో వేరే టపా మొదలుపెట్టాడు కూడా. జూలై 26న కాంటినెంటల్ కాంగ్రెస్ సొంత పోస్టాఫీసు పెట్టి, ఫ్రాంక్లిన్‌ని మొదటి పోస్ట్‌మాస్టర్ జనరల్‌ని చేసింది. జీతం ఏడాదికి వెయ్యి డాలర్లు. ఉత్తరాన ఫాల్మత్ నుంచి దక్షిణాన సవన్నా దాకా లైను. అంటే స్వాతంత్ర్య ప్రకటనకు ఏడాది ముందే ఆ దేశానికి పోస్టాఫీసు ఉంది.

పోస్ట్‌మాస్టర్ ఉత్తరాలకు ఖర్చు లేదు, పైన ఉచితం అని రాసి సంతకం పెడితే చాలు. ఫ్రాంక్లిన్ ఆ ఉచితం అనే మాటని తన పేరు మధ్యలో ఇరికించేవాడు: బి. ఫ్రీ ఫ్రాంక్లిన్. ఇంగ్లీషులో అది స్వేచ్ఛగా ఉండు అని కూడా వినిపిస్తుంది. 1776 చివర్లో ఆయన ఫ్రాన్సుకి వెళ్లాక, ఆ పదవి అల్లుడు రిచర్డ్ బేచ్‌కి దక్కింది. బంధుప్రీతి ఇక్కడా పోలేదు.

ఖండాల మధ్య ఉత్తరాలు తొందరగా చేరేలా చేసిన ఈ మనిషి ఇంటి సంగతి మాత్రం బాధగా ఉంటుంది. డెబొరాకి ఓడ ప్రయాణమంటే భయం. 1764లో లండన్ వెళ్లిన ఆయన పదేళ్లు తిరిగి రాలేదు. ఇద్దరి మధ్యా సంసారమంతా ఉత్తరాల్లోనే నడిచింది. 1774 డిసెంబర్‌లో ఆవిడ పోయేనాటికి కూడా ఆయన రాలేదు. ఒకప్పుడు తనే పోస్ట్‌మాస్టర్‌ని చేసిన కొడుకు విలియం, న్యూజెర్సీ గవర్నరై, యుద్ధంలో రాజు పక్షాన నిలబడ్డాడు. 1784లో కొడుకు రాజీకి ఉత్తరం రాస్తే తండ్రి జవాబిచ్చాడు గానీ, మనసు మాత్రం కరగలేదు. మరుసటి ఏడాది ఇంగ్లండులో చివరిసారి కలిశారు, అదీ లెక్కలు తేల్చుకోవడానికే. 1790 ఏప్రిల్ 17న, 84 ఏళ్ల వయసులో ఫ్రాంక్లిన్ ఫిలడెల్ఫియాలో కన్నుమూశాడు. అతికించే పోస్టు స్టాంపు అనేదాన్ని ఆయన ఎప్పుడూ చూడలేదు. ఆయన పోయిన 57 ఏళ్లకు ఆయన ముఖమే స్టాంపయింది.

ఇప్పుడు నా ఉత్తరం దగ్గరికి వస్తాను. అది ఒక బట్టల వ్యాపారి బాకీ గుర్తుచేస్తూ రాసింది. మొదటి పేజీ అంతా లెక్కలు. చివర్లో మాత్రం నాలుగు లైన్లలో ఇంట్లో జబ్బుగా ఉన్న ఒకరి గురించి రాశాడు. దీన్ని ఫొటో తీసి ఈ వ్యాసంతో పాటు వేద్దామని మా ఎడిటర్ అడిగింది. సరే అన్నాను. రాసినాయన, చదివినాయన, ఆ జబ్బుమనిషి అందరూ పోయి వందేళ్లు దాటిపోయి ఉంటుంది. ఎవరికీ నష్టం లేదు. అయినా ఫొటో తీసేటప్పుడు చెయ్యి ఆగింది.

చివరికి చిరునామా వైపు మాత్రమే పంపాను. ఎర్ర ముద్ర, పన్నెండున్నర అంకె, లక్క మరక బాగా కనిపిస్తాయి. లోపలి పేజీ నా దగ్గరే ఉంది. దానికి పోస్టు ఖర్చు కట్టింది న్యూయార్క్ వ్యాపారి, నేను కాదు.